మెడ పట్టించి, మర్దన పెట్టించి

సంక్రాంతికి మా తిరువూరు బస్టాండులో దిగే సాఫ్ట్‌వేరు పిల్లలు ఒకప్పుడు జీతం ఎంతో చెప్పేవాళ్ళు. తర్వాత కొన్నాళ్ళు ఆన్‌సైట్ గురించి చెప్పారు. ఇప్పుడు మర్దన గురించి చెబుతున్నారు. వాళ్ళ హైదరాబాదు ఆఫీసుల్లో 'వెల్‌నెస్ డే' అని ఒకటి వస్తుందట. ఆ రోజు క్యాంటీన్ పక్కన ఓ మూల వింత కుర్చీ వేస్తారు. దాంట్లో వెనక్కి వాలకూడదు, ముందుకు బోర్లా పడాలి. మొహం దూర్చడానికి మెత్తటి కన్నం ఉంటుంది. మొహం అందులో పెట్టి నేల చూస్తూ ఉంటే వెనకనుంచి ఎవరో వచ్చి మెడా భుజాలూ పిసుకుతారు. మనిషికి పది నిమిషాలు. పేరు ముందుగా రాయించుకోవాలి. మధ్యలో క్లయింటు కాల్ వస్తే వంతు పోయినట్టే. చొక్కా విప్పనక్కర్లేదు, నూనె చుక్క అంటదు, మెడలో కంపెనీ బిళ్ళ కూడా తీయనక్కర్లేదు. పదకొండో నిమిషానికి లేచి, వెనకవాడికి చోటిచ్చి, ఏ సీట్లో మెడ పట్టేసిందో ఆ సీట్లోకే వెళ్ళి కూర్చోవాలి.

ఈ వైభోగం విన్న ఓ పెద్దావిడ మనవణ్ణి అడిగింది: "పసిబిడ్డకి నలుగు పెట్టాలంటేనే అరగంట పడుతుంది కదరా. పది నిమిషాల్లో వాళ్ళు నీ ఒళ్ళు పట్టారా, నీ చొక్కా పట్టారా?"

మనవడు నవ్వేశాడు. ఎడంపక్కన కూర్చున్న నాయనమ్మ వైపు తిరిగి నవ్వడానికి మాత్రం మొత్తం నడుం తిప్పాల్సి వచ్చింది.

మర్దన మీద నాకు కోపం లేదు. తలంటు రుచి తెలిసిన ఏ తెలుగువాడికీ ఉండదు. పుట్టిన పదకొండో రోజునుంచే కాళ్ళ మీద పడుకోబెట్టి నూనె రాసి సాగదీసే జాతి మనది. నా కోపమల్లా ఆ చెయ్యి ఎవరిదన్న దాని మీద. పొద్దున తొమ్మిదింటినుంచి రాత్రి తొమ్మిదింటిదాకా మెడ వంచిపెట్టిన చెయ్యే, శుక్రవారం మధ్యాహ్నం పది నిమిషాలు అదే మెడ నిమిరి, ఫొటో తీయించుకుని, 'మా ఉద్యోగులే మా కుటుంబం' అని లింక్డ్‌ఇన్‌లో పెట్టుకుంటోంది. కుటుంబమే అయితే అమ్మ ముందు అడిగేది, 'అంతసేపు ఎందుకు కూర్చున్నావురా' అని కదా!

మెడ ఎందుకు పడుతుందో తెలియక కంపెనీలు ఇలా చేస్తున్నాయనుకోవద్దు. మౌసు ఎంతసేపు కదల్లేదో, కీబోర్డు మీద వేళ్ళు ఎప్పుడు ఆగాయో నిమిషాలతో సహా లెక్క తీసే కంపెనీకి మెడ సంగతి తెలియకపోవడమేమిటి! మనిషి తలకాయ బరువు నాలుగున్నర, ఐదు కిలోలు. నిటారుగా ఉన్నంతసేపు ఆ బరువును వెన్నుపూసలు మోస్తాయి. ముందుకు వంచేకొద్దీ మెడ వెనక కండరాలు దాన్ని పడిపోకుండా లాగి పట్టుకోవాలి. అరవై డిగ్రీలు వంగితే మెడ మీద పడే భారం 27 కిలోలని కెన్నెత్ హన్స్‌రాజ్ అనే అమెరికా వెన్నెముక సర్జన్ 2014లో లెక్క కట్టాడు. సిమెంటు బస్తాలో సగానికి పైన. ఒళ్ళో ల్యాప్‌టాప్, చేతిలో ఫోను పెట్టుకుని వంగిన ప్రతివాడూ ఆ బరువు మోస్తున్నవాడే.

ఇంకో తిరకాసు ఉంది. కండరం బిగుసుకుని వదులవుతూ ఉంటే నెత్తురు బాగా ఆడుతుంది. నడిచేటప్పుడు జరిగేది అదే. కదలకుండా బిగిసే ఉంటే లోపలి సన్నటి రక్తనాళాలు నొక్కుకుపోతాయి, కండరం అలిసిపోతుంది, ముడిపడినట్టు గట్టిపడుతుంది. చూసేవాడికి మనిషి ఏమీ చేయనట్టే ఉంటాడు. 'ఏసీలో కూర్చుని చేసే ఉద్యోగానికి ఒళ్ళు నొప్పులేమిటోయ్' అని మన బావమరుదులు వెక్కిరించేది అందుకే. ఈ జబ్బు కంప్యూటరుతో పుట్టిందీ కాదు. బెర్నార్దినో రమజ్జీని అనే ఇటలీ వైద్యుడు వృత్తి రోగాల మీద రాసిన పుస్తకానికి 1713లో కొత్త అధ్యాయాలు చేర్చాడు. గుమాస్తాలకు మూడు వాతలు పెట్టేవి ఏవో వాటిలో చెప్పాడు: అదేపనిగా కూర్చోవడం, చెయ్యి ఒకేలా ఆడించడం, తప్పు పోతుందేమోనని మనసు బిగబట్టుకోవడం. ఆయన చెప్పి మూడు వందల ఏళ్ళు దాటింది. ఆ మూడింట్లో ఒక్కటీ తగ్గలేదు, నాలుగోదిగా అప్రైజల్ వచ్చి చేరింది.

మరి మర్దనతో తగ్గుతుందా? కాసేపు తగ్గుతుంది, అది అబద్ధం కాదు. పట్టేసిన చోట వదులవుతుంది, నొప్పి తెలియడం తగ్గుతుంది, కళ్ళు మూతలు పడతాయి. నడుంనొప్పికి మర్దన మీద జరిగిన పరీక్షలన్నీ పోగేసి కాక్రేన్ అనే వైద్య పరిశోధన సంస్థ పరిశీలకులు 2015లో ఇచ్చిన తీర్పు కూడా దాదాపు అంతే: కొద్దికాలానికి ఉపశమనం కనబడుతోంది, అదీ బలహీనమైన ఆధారాలతో, నెలలు గడిచాక నొప్పి విషయంలో తేడా కనబడలేదు. నెలల సంగతి అలా ఉంచండి. మన కంపెనీ మర్దన సోమవారం ఉదయం స్టాండప్ మీటింగుదాకా కూడా ఆగదు.

ఈ విషయంలో మన పల్లెటూరి మూఢనమ్మకాలే కాస్త నయం. మెడ పట్టేస్తే మన ఇళ్ళల్లో మొదట చేసే పని తలగడ తీసుకెళ్ళి ఎండలో వేయడం. శాస్త్రం ఒప్పుకుంటుందా లేదా వదిలేయండి, ఆ ఆలోచన చూడండి. నొప్పి మెడలో ఉన్నా తప్పు తలగడది అని మన అమ్మమ్మలు పట్టుకున్నారు. హెచ్చార్ వాళ్ళకి లక్షల జీతమిచ్చినా ఆ మాట పైకి అనరు. వాళ్ళు మెడ దగ్గర ఆగిపోతారు, తలగడ జోలికి పోరు. ఎందుకంటే ఆ తలగడ పేరు టార్గెట్. ఎండలో వేస్తే ఎండిపోతుంది.

నడుం పట్టేస్తే ఇంకో వైద్యం ఉంది, మీకూ తెలుసు. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత నడుం తొక్కించుకోవాలి. మా చిన్నప్పుడు ఊరికి అలాంటివాడు ఒకడు ఉండేవాడు, పొద్దున్నే వాడి గుమ్మంలో నలుగురు బోర్లా పడుకుని ఉండేవాళ్ళు. దయచేసి తొక్కించుకోకండి, వెన్నుపూస జారితే తొక్కినవాడు పూచీపడడు. కంపెనీలు ఈ విద్యలో మనల్ని ఎప్పుడో దాటేశాయి. నడుం మీద కాలు పెట్టడానికి వాళ్ళకి ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళే కావాలని పట్టింపు లేదు. తలకిందులుగా పుట్టినవాణ్ణయినా టీమ్ లీడర్ని చేస్తే చాలు.

ఆ వింత కుర్చీకి ఓ చరిత్ర ఉంది. అమెరికాలో డేవిడ్ పామర్ అనే ఆయన 1980లలో ఆఫీసులకే వెళ్ళి, బట్టల మీదనుంచే, కూర్చోబెట్టి మర్దన చేసే పద్ధతిని వ్యాపారం చేశాడు. ఆపిల్ కంపెనీ ఆయన తొలి పెద్ద బేరాల్లో ఒకటి. 1986లో ఆ బోర్లా కుర్చీ బజారులోకి వచ్చింది. తర్వాత ఆపిల్ ఉండే సిలికాన్ లోయలోనే అసలు కథ నడిచింది. 1999లో గూగుల్ ఇంకా నలభై మంది పనిచేసే చిన్న కొట్టుగా ఉన్నప్పుడు బానీ బ్రౌన్ అనే ఆవిణ్ణి మర్దనకి పెట్టుకున్నారు. వారానికి 450 డాలర్లు, పైన కొన్ని షేర్లు. ఐదేళ్ళకు ఆవిడ మిలియన్ల డాలర్ల షేర్లతో పని మానేసి, ఆ అనుభవం మీద పుస్తకం రాసి, తనే మర్దన చేయించుకునే స్థితికి వచ్చింది. ఆఫీసు మర్దనవల్ల జీవితం బాగుపడిన మనిషిగా రికార్డుకెక్కింది ఆవిడే. ఆ షేర్లకి అంత విలువ ఇచ్చింది మెడ నొక్కించుకున్నవాళ్ళు కాదని, బజారు అని గమనించాలి. ఆ గూగులే 2023 జనవరిలో పన్నెండు వేల మందిని తీసేస్తున్నట్టు ప్రకటించినప్పుడు, కాలిఫోర్నియాలో ఉద్యోగం పోయినవాళ్ళ పట్టీలో మర్దన చేసేవాళ్ళు రెండు డజన్లకు పైనే ఉన్నారు. మెడలు తెగ్గొట్టేటప్పుడు మెడలు నొక్కేవాళ్ళతో పనేముంది.

మనకీ ఓ చరిత్ర ఉంది, దాని ముందు ఆపిల్ ఎంత! మా ఉమ్మడి కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. నుదుటికి రాసుకునే ఆ పచ్చటి సీసా అమ్మిన డబ్బుతో 1908లో ఆంధ్రపత్రిక పెట్టారు. తలనొప్పి మందు డబ్బుతో పత్రిక నడపడంలో ఒక న్యాయం ఉంది: పత్రిక చదివినవాడికి ఆ మందు మళ్ళీ కావాలి. అయినా పంతులుగారు ఎవరి తలకీ ముందు సుత్తి వేసి తర్వాత మందు అమ్మలేదు. ఆ తెలివి మన కాలానిది.

హైదరాబాదు సంగతి మనకెందుకు, తిరువూరులో ఆఫీసులు లేవా అంటారు. ఎందుకు లేవు! 2022లో ఎన్టీఆర్ జిల్లా వచ్చాక రెవెన్యూ డివిజన్ కేంద్రం కూడా అయ్యాం. పనిమీద ఓ ఆఫీసుకి వెళ్ళి రెండు గంటలు నించున్నాను. ఏ ఆఫీసో చెప్పను, చెబితే నా పని ఈ జన్మకి కాదు. కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయికి ముప్ఫై లోపే ఉంటుంది. కింద ప్లాస్టిక్ కుర్చీ, దాని ఎడం చెయ్యి ఎప్పుడో విరిగితే పురికొస కట్టారు. కూర్చునే చోట గుంట పడకుండా మడతపెట్టిన దుప్పటి, అది ఇంటినుంచి తెచ్చుకున్నదని దాని అంచు పూలే చెబుతున్నాయి. బల్ల చూస్తే చిట్టాలు రాసుకునే కాలం నాటిది, కీబోర్డు దాని మీద పెడితే మోచేతులు చంకల దాకా లేస్తాయి. మౌసుకి మిగిలిన చోటు బెత్తెడు. ఎడం భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని ఎవరికో ఓటీపీ చెప్పమంటోంది, కుడిచేత్తో టైపు చేస్తోంది, ఎదురుగా కౌంటరు మీదకి వాలిన ఐదుగురికి కళ్ళతోనే 'ఆగండి' అని చెబుతోంది. ఒక్క సంగతి మాత్రం ఎర్గోనామిక్స్ నిపుణులు మెచ్చుకోవాలి: మానిటరు సరిగ్గా కంటి ఎత్తులో ఉంది. కిందపెట్టిన మూడు పాత రిజిస్టర్ల పుణ్యం. ప్రభుత్వ దస్త్రం ప్రజలకు ఉపయోగపడగా నేను చూసింది అప్పుడే.

నా వంతు వచ్చేసరికి స్క్రీను మీద గుండ్రం తిరగడం మొదలైంది. ఆ అమ్మాయి ఫోను దించి, రెండు చేతులూ వెనక్కి విరుచుకుని, మెడ రెండు పక్కలకీ తిప్పింది. టకటకమని రెండు శబ్దాలు కౌంటరు దాకా వినిపించాయి. "సర్వర్ డౌన్ అండీ" అంది, ఎంత హాయిగా అందో! మా దగ్గర ఉద్యోగి భుజాలకి విశ్రాంతి ఇస్తున్న సంక్షేమ పథకం ఇదొక్కటే. బడ్జెట్ అక్కర్లేదు, లబ్ధిదారుల ఎంపికలో పైరవీ లేదు, పార్టీ మారినా పథకం ఆగదు.

2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ, వార్డు సచివాలయాల ఉద్యోగులకైతే ఈ కుర్చీ భాగ్యం కూడా సగం రోజే. మిగతా సగం వీధిలో, ఎండలో, ఫోను మీద తల వంచి: సర్వే, ఈకేవైసీ, ఫొటో, వేలిముద్ర, మళ్ళీ సర్వే. అంగన్‌వాడీ టీచరు పిల్లవాడికి గుడ్డు పెట్టినట్టు యాప్‌లో ఎక్కించాలి, లేకపోతే పిల్లవాడు తిన్నా తిననట్టే. ఆఖరికి హాజరు కూడా ఫోనుకి మొహం చూపించే వేసుకోవాలి. అలసిపోయిన మొహాన్ని మాత్రం ఆ యాప్ గుర్తుపట్టదు. గుర్తుపడితే సగం జిల్లాకి సెలవివ్వాలి.

ఇక హమాలీ దగ్గరికి వద్దాం. ఆఫీసు మెడల గురించి మాట్లాడుతూ వాణ్ణి మరిచిపోతే పాపం తగులుతుంది. ఖరీఫ్ మొదట్లో తిరువూరు ఎరువుల కొట్ల ముందు లారీ ఆగితే చూడండి. తల మీద గోనెపట్టా, మెడ వెనక బస్తా, మెట్లెక్కి గోడౌన్‌లోకి పరుగు లాంటి నడక. ఆగితే బరువు ఎక్కువ తెలుస్తుంది కాబట్టి ఆగడు. మన ధాన్యం బస్తా లెక్క 75 కిలోలు. సిమెంటు 50. యూరియా కూడా 50 ఉండేది, 2018లో కేంద్రం దాన్ని 45 చేసింది. హమాలీ నడుం చూసి జాలిపడిందనుకునేరు! రైతు ఎకరానికి ఇన్ని బస్తాలని లెక్కగా చల్లుతాడు కాబట్టి, బస్తా చిన్నది చేస్తే భూమిలో పడే యూరియా తగ్గుతుందని. బస్తా బరువు తగ్గించింది నేల ఆరోగ్యం కోసం, దాన్ని మోసే మనిషి ఆరోగ్యం కోసం కాదు. మనిషి ఒంట్లో నత్రజని శాతం చూసే పరీక్ష ఉంటే బాగుండేది.

హమాలీకి వెల్‌నెస్ డే లేదా అంటే, రోజూ ఉంది. చీకటి పడ్డాక. 2024 అక్టోబరునుంచి క్వార్టరు 99 రూపాయలకే దొరికేలా ప్రభుత్వం కొత్త మద్యం విధానం తెచ్చింది. పై నుంచి కాకుండా లోపలినుంచి చేసే మర్దన అది. ముందుగా పేరు రాయించుకోనక్కర్లేదు, వంతు పోదు, పది నిమిషాలకే లేవమని ఎవరూ అనరు. మామిడి సీజనులో విస్సన్నపేట, రెడ్డిగూడెం, నూజివీడు తోటల్లో కాయ కోసి, ట్రేలు మోసి, లారీకెత్తే కూలీలకూ సాయంత్రానికి అదే వైద్యం. ఆడకూలీలకి అదీ లేదు, ఇంటికెళ్ళి వంట చేయాలి.

బట్టల షాపుల్లో పొద్దుటినుంచి రాత్రిదాకా నిలబడే ఆడపిల్లల గురించి ఒక ముక్క. కేరళలో కోజికోడ్ మిఠాయి వీధి కొట్లలో పనిచేసే ఆడవాళ్ళు కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడితే, 2018లో ఆ రాష్ట్రం చట్టం మార్చింది. 2021లో తమిళనాడు మార్చింది. పక్కన ఉన్నవాళ్ళు స్టూలుకి చట్టం చేస్తుంటే, మన చర్చ పనిగంటల దగ్గర నడిచింది. 2025 జూన్‌లో మన ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజుకు తొమ్మిది గంటల పరిమితిని పది చేసింది. ఐదు గంటలకు ఇవ్వాల్సిన విశ్రాంతిని ఆరు గంటలకు జరిపింది. మూడు నెలల్లో 75 గంటలు మించకూడదన్న ఓవర్‌టైమ్‌ని 144 గంటలకు పెంచింది. మా పక్క నియోజకవర్గం నూజివీడు ఎమ్మెల్యే, మంత్రి కొలుసు పార్థసారథిగారే ఈ శుభవార్త విలేకరులకు చెప్పారు. పెట్టుబడులు వస్తాయట. వస్తాయి, నడుం వంగి ఉన్నచోట ఎక్కడం తేలిక. నెల తిరిగేసరికి తెలంగాణ కూడా వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటలదాకా పని చేయించుకోవచ్చని జీవో ఇచ్చింది, వారానికి 48 దాటితే ఓవర్‌టైమ్ అంది. తిరువూరు సరిహద్దు ఊరు. ఇటు పది గంటలు, అటు పది గంటలు. రాష్ట్రాలు విడిపోయాక ఇంత ఏకాభిప్రాయం నీళ్ళ మీద కూడా కుదరలేదు.

పెద్దలు ముందే దారి చూపించారనుకోండి. ఇన్ఫోసిస్ నారాయణమూర్తిగారు 2023లో కుర్రకారు వారానికి డెబ్భై గంటలు పనిచేయాలన్నారు. 2025 మొదట్లో ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్‌గారు తొంభై అన్నారు, ఆదివారం ఇంట్లో కూర్చుని భార్యను ఎంతసేపని చూస్తారని బాధపడ్డారు. తొంభై గంటలు స్క్రీను చూసినవాడికి భార్య వైపు మెడ తిరగదన్న సంగతి ఆయనకి తెలిసే అన్నారేమో.

సర్కారు పన్నులోనూ ఇదే న్యాయం. 2025 సెప్టెంబరు 22నుంచి సెలూన్లు, జిమ్ములు, యోగా లాంటి శరీర సౌఖ్య సేవల మీద జీఎస్టీ 18నుంచి 5 శాతానికి దిగింది. నడుం పట్టకుండా కాపాడే మంచి ఆఫీసు కుర్చీ మీద మాత్రం 18 శాతమే. నొప్పి రాకుండా చూసుకుంటే 18, వచ్చాక నొక్కించుకుంటే 5. ఏది ప్రోత్సహించాలో సర్కారుకి బాగా తెలుసు. కంపెనీ లెక్కల మనిషికి ఇంకా బాగా తెలుసు: వందమందికి వంద కుర్చీలు కొనడం కంటే, మూణ్ణెల్లకోసారి ఒక కుర్చీ అద్దెకు తేవడం చవక.

ఇంతకీ ఆ వింత కుర్చీ వెనక నిలబడిన మనిషిని ఎవరైనా చూశారా? బోర్లా పడుకున్నవాడికి ఎలాగూ కనబడదు. గంటకు ఆరుగురు, రోజంతా నిలబడి, మధ్యాహ్నానికి ముప్ఫై మెడలు. బలమంతా బొటనవేళ్ళ మీద. తన మెడ నొక్కేవాళ్ళు ఎవరూ లేరు. ఏజెన్సీ ఇచ్చే రోజుకూలీ మీద వచ్చిన మనిషి కాబట్టి వెల్‌నెస్ జాబితాలో తన పేరు ఉండదు. ఆఫీసు ఆరోగ్య దినాన ఒళ్ళు నొప్పులతో ఇంటికి వెళ్ళేది ఆ మనిషే.

తిరువూరు జనం 'మనకీ గోల లేదులే' అని ఊపిరి పీల్చుకోవద్దు. 2025 ఫిబ్రవరిలో మన ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు ఇంటినుంచి పనిని రాష్ట్రంలో పెద్ద ఎత్తున తెస్తామని, ముఖ్యంగా ఆడవాళ్ళకి ఉపయోగమని ప్రకటించారు. ఊరూరా, మండలాల్లో కూడా ఐటీ పని కేంద్రాలు పెట్టేవాళ్ళకి ప్రోత్సాహకాలిస్తామన్నారు. మంచి మాటే. పిల్లలు హైదరాబాదు హాస్టళ్ళలో మగ్గకుండా అమ్మ చేతి అన్నం తింటూ పనిచేసుకుంటారు. కానీ ఆ ఇల్లు ఎలా ఉంటుందో చెప్పాలా? మంచం మీద మఠం వేసుకుని, ఒళ్ళో తలగడ, తలగడ మీద ల్యాప్‌టాప్, పక్కన కుక్కరు విజిళ్ళు. ఆ మెడ సంగతి అడిగే హెచ్చార్ తిరువూరు రాడు, వచ్చినా ఎండకి తిరువూరులో నిలవడు. పని మా ఊరికి వస్తోంది, దానికి తగిన బల్లా కుర్చీ ఎవరివన్న లెక్క మాత్రం ఎవరూ తేల్చలేదు. ఐరోపా దేశాలు 1990లోనే తేల్చుకున్నాయి: స్క్రీను ముందు కూర్చోబెట్టినవాడే ఆ సీటు సరిగ్గా ఉందో లేదో చూడాలి, మధ్యమధ్య విరామం ఇవ్వాలి, కంటిపరీక్ష చేయించాలి అని ఆదేశం తెచ్చుకున్నాయి. బ్రిటన్ 1992లో దాన్ని నిబంధనలుగా రాసుకుంది. ఆ నిబంధనల్లో మర్దన మాటే లేదు. పాపం, వాళ్ళకి వెల్‌నెస్ తెలియదు.

అందుకని చదువరులకు నాదొక విన్నపం. మీ ఆఫీసుకి ఆ బోర్లా కుర్చీ వస్తే మొహమాటపడకండి. ఎక్కండి. పది నిమిషాలూ కళ్ళు మూసుకుని హాయిగా నొక్కించుకోండి, ఆ డబ్బు మీ జీతంలోంచి మిగిల్చిందే. లేచాక నొక్కిన మనిషికి ఓ మంచినీళ్ళ గ్లాసు ఇచ్చి కాసేపు కూర్చోమనండి. తర్వాత హెచ్చార్ వాళ్ళు 'ఎలా ఉంది' అని ఓ ఫారం పంపిస్తారు, నక్షత్రాలు పెట్టమంటారు. ఐదూ పెట్టేయండి. కిందనున్న ఖాళీలో మాత్రం మూడు ముక్కలు రాయండి: నా సీటుకి సరైన కుర్చీ కావాలి, గంటకోసారి లేవడానికి ఐదు నిమిషాలు కావాలి, సాయంత్రం ఇంటికెళ్ళే టైము కావాలి. మీరొక్కరే రాస్తే మీ పేరు గుర్తుపెట్టుకుంటారు. ఫ్లోరు మొత్తం ఒకే రోజు రాయండి.